వెంగళప్ప తాత పేరు

తిరుపతి,
ఆదివారం రాత్రి

ప్రియమైన శీనా,

నువ్వు పంపిన పేర్ల లిస్టు చూశాను. బుడ్డోడిది మృగశిర ఒకటో పాదం, 'వే' అక్షరంతో మొదలవ్వాలని అయ్యవారు చెప్పారన్నావు. "నీకు పేర్ల మీద పిచ్చి గదా, ఒకటి తేల్చి చెప్పు" అన్నావు. రెండు ముక్కలు మెసేజ్ పెడదామని కూర్చున్నా, అది సరిపోలేదు. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు, చదివి చెల్లెమ్మకు కూడా వినిపించు.

ముందు చెల్లెమ్మ రాసినవి. వేదాంశ్ బాగుంది. వేదంలో అంశ అని, రెండూ నిఖార్సయిన సంస్కృతం మాటలే. వేదాంత్ కూడా మంచిదే. వేదాల చివర వచ్చే ఉపనిషత్తులనే గదా వేదాంతం అంటారు. వేహాన్ మాత్రం వద్దు. విహాన్‌లో 'వి' తీసి 'వే' తగిలించినట్టుంది. ఉత్తరాదిన బిహాన్ అంటే తెల్లవారుజాము, విహాన్‌కి ఆ అర్థం చెప్పుకుంటారు. అక్షరం మార్చేసరికి ఆ తెల్లవారుజామూ పోయింది. పిల్లోడు పెద్దయ్యాక "నా పేరుకి అర్థమేంది నాయనా" అని అడిగితే ఏం చెప్తావు?

అసలు సంగతికొస్తా. ఆ లిస్టులో మీ తాత పేరు లేదు. 'వే' అక్షరమే వచ్చినా లేదు. నువ్వు మర్చిపోయి వదిలెయ్యలేదని నాకు తెలుసు.

ఆరో తరగతిలో వానొచ్చిన రోజు తాత నీకు గొడుగు తెచ్చాడు. వాకిట్లో తడిసిన పంచెతో నిలబడ్డాడు. సారు "ఎవరయ్యా నువ్వు?" అంటే "వెంగళప్పండీ, శీనుగాడి తాతను" అన్నాడు. క్లాసంతా నవ్వింది, సారూ నవ్వాడు. నువ్వు ఆ మధ్యాహ్నం క్యారియర్ తెరవలేదు. అప్పట్నుంచి ఎవరడిగినా మా తాత పేరు వెంకటప్ప అని చెప్పేవాడివి. పక్కనే ఉండి నేనూ ఏమీ అన్లేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

పోయిన నెల మీ అమ్మను చూడ్డానికి మీ ఊరికెళ్ళా. అమ్మ అటక మీది ఇత్తడి సామాను దించి చింతపండుతో తోముతా ఉంది. ఒక పెద్ద బిందె నేను తీసుకున్నా. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి. తోమే కొద్దీ ఒక్కొక్కటే బయటపడింది. ముందు 'ప్ప' కనిపించింది, తర్వాత 'గళ'. ఎడమ పక్క పట్టిన కిలుము వదలడానికి ఇంకో ఉండ చింతపండు పట్టింది. అది వదిలితే 'తిరు'. మొత్తం కలిపి చదివితే తిరువేంగళప్ప. అమ్మను అడిగితే "అదే మామయ్య అసలు పేరు, ఆ పొడుగు పేరు ఎవరు పిలుస్తారు?" అంది.

చూశావా శీనా? మన కొండను తమిళంలో తిరువేంగడం అంటారు. తిరుమల గుడి గోడల మీది తమిళ శాసనాల్లో ఆ మాటే ఉంటుంది. తొల్కాప్పియం అనే పాత తమిళ వ్యాకరణానికి ముందుమాటలో తమిళం మాట్లాడే నేలకు ఉత్తరపు హద్దు వేంగడం, దక్షిణపు హద్దు కుమరి అని ఉంది. అంటే మన కొండే. ఆ వేంగడం తెలుగులో వేంగళం అయింది. డకారం, ళకారం ఒకదాని చోట ఇంకొకటి రావడం కొత్తేమీ కాదు. ఋగ్వేదం మొదటి మంత్రాన్ని కొందరు 'అగ్నిమీళే' అంటారు, కొందరు 'అగ్నిమీడే' అంటారు. మన కొండ పేరుకి జరిగిందీ అలాంటిదే. సంస్కృతంలో అదే వేంకటం. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేది అని పురాణం చెప్పే అర్థం నీకు తెలిసిందే. వెంకటేశు, వెంకటరమణ, వెంకన్న, వెంగళప్ప, అన్నీ ఒక కొండ పేర్లే. అందరం గౌరవంగా పలికే పేరూ, మన క్లాసు నవ్విన పేరూ ఒకే స్వామివి.

మరి వెంగళప్ప అంటే తెలివితక్కువ వాడు అని ఎందుకైంది? పాత తెలుగులో వెంగలి అని వేరే మాట ఉంది, అవివేకి అని అర్థం. ఆ మాట, ఈ పేరు చెవికి ఒకటే మాదిరి వినిపిస్తాయి. దాని మచ్చ దీనికి అంటుకుందని నాకు తోస్తుంది. పేరు చేసిన తప్పేమీ లేదు. అన్నమయ్య మనవడు చిన్నన్న అసలు పేరు తిరువేంగళనాథుడు. ద్విపద రాయడానికి ఆయన పెట్టింది పేరు, తాత చరిత్ర మనకు ద్విపదలో రాసిచ్చింది ఆయనే. 1973 నుంచి 1978 దాకా జలగం వెంగళరావు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేశారు. చివర రావు ఉంటే గంభీరం, అప్ప ఉంటే నవ్వా? అప్ప అంటే తండ్రి. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టర్‌గా చేసిన థామస్ మన్రో మీద అభిమానంతో ఈ సీమ జనం పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. తెల్లదొర పేరు పక్కన కూడా ఆ మాట పెట్టి సొంతం చేసుకున్నారు గదా.

మనం చిన్నప్పుడు నామోషీ పడిన పేర్లన్నీ ఇట్లాంటివేరా. కుప్పయ్య, పెంటయ్య, పుల్లయ్య. పుట్టిన పిలకాయలు దక్కకుండా పోతుంటే, ఈసారి పుట్టినోడిని చెత్తకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ళ మీదో పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరే పెట్టేవాళ్ళు. ఇది పారేసిన బిడ్డ, మాకు దొరికింది, దీని మీద ఎవరి కన్నూ పడొద్దు అని. అంత భయపడిన తల్లి పెట్టిన పేరది. మా వీధి చివర కుప్పయ్య తాతను మనం ఎట్లా ఏడిపించామో గుర్తొస్తే ఇప్పుడు కడుపులో దేవినట్టవుతుంది.

మన క్లాసులో ఐదుగురు మునిలు ఉండేవాళ్ళు, గుర్తుందా? మునిరత్నం, మునికృష్ణ, మునెయ్య, మునిరాజ, మునస్వామి. ఊరి పొలిమేరలో కాపలా ఉండే మునీశ్వరుడి పేరు అది. చెంగల్రాయుడు అంటే చెంగల్వ రాయుడు, తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి. 1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోదే. ఊరు మద్రాసు రాష్ట్రంలోకి పోయినా ఆడికృత్తికకు కావిళ్ళు ఎత్తుకుని మనవాళ్ళు పోతూనే ఉన్నారు, మగపిల్లోడు పుడితే ఆ పేరు పెడుతూనే ఉన్నారు. నెల్లూరు పక్క కసుమూరు దర్గాకు మొక్కుకుని పుట్టిన వాళ్ళకు మస్తానయ్య, మస్తాన్ రెడ్డి. మస్తాన్ పారసీ మాట, దైవం మీద ప్రేమతో ఒళ్ళు మరిచినవాడని. పక్కన మన అయ్య చేరింది.

అర్థాల సంగతి తీస్తే నాకు ఆపబుద్ధి కాదు, ఇంకొక్కటి చెప్తా. కృష్ణుడు అంటే నల్లనివాడని అందరికీ తెలుసు. అర్జునుడు అంటే తెల్లనివాడని చాలామందికి తెలియదు. ఋగ్వేదంలో ఒకచోట నల్లని పగలు, తెల్లని పగలు అని రాత్రినీ పగటినీ కృష్ణ, అర్జున అనే మాటలతోనే చెప్తారు. రథం మీద ముందొకరు, వెనకొకరు కూర్చున్నారు చూడు, ఆ బొమ్మ గోడమీద కనిపించినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

నీ పేరు మాత్రం తక్కువా? శ్రీ నివాసం ఉండే చోటు. ఆ పేరు నీకు పెట్టింది కూడా తాతే, అమ్మ చెప్పింది.

పతంజలి మహాభాష్యంలో పిల్లవాడికి పేరెట్లా పెట్టాలో కొన్ని నియమాలు ఉన్నాయి. రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలట. మొదటి అక్షరం ఘోషం కావాలట, అంటే గొంతులో నాదం పలికేది. పైన మూడు తరాల వాళ్ళను గుర్తు చేసేదిగా ఉండాలట. రెండువేల ఏళ్ళ కిందటి మాట ఇది. నువ్వు, మీ నాయన, తాత, సరిగ్గా మూడు తరాలు.

కాబట్టి నా మాట ఇది. వేంగళేశ్ అని పెట్టండి. సంస్కృతంలో వేంగళేశ అవుతుంది గనక వేం, గ, ళే, శ, నాలుగక్షరాలు. 'వే'తోనే మొదలవుతుంది. వకారం ఘోషమే. వెంకటేశ్ అని పలికిన నోటికి ఇది కష్టం కాదు. ఇంట్లో పిలుచుకోవడానికి చెల్లెమ్మకు నచ్చిన వేదాంశ్ ఉండనీ. వేదూ అని పిలిస్తే ఎంత ముద్దుగా ఉంటుంది! తొమ్మిది నెలలు మోసింది తను, పిలుపు తన ఇష్టమే కావాలి. కాగితాల మీద పేరు ఒక్కటీ తాతకు ఇవ్వండి. స్కూల్లో ఎవడన్నా నవ్వుతాడేమో అని టెన్షన్ పడతావని తెలుసు. ఈసారి వాడికి జవాబు ఉంటుంది. కొండ వైపు చెయ్యి చూపిస్తే చాలు.

ఒకవేళ మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుని వేరేది అనుకుంటే నేను అలగను. తాత పేరు చెప్పకుండా దాచిపెట్టడం ఒక్కటి మాత్రం ఇక మానెయ్యి.

ఆ బిందె అమ్మ నాకిచ్చింది, ఇక్కడే ఉంది. పేరు ఖాయమైతే గాంధీ రోడ్డులో పాత్రల కొట్టుకు తీసుకెళ్ళి తాత పేరు కింద బుడ్డోడి పేరు కొట్టిస్తా. ఇప్పుడు మిషన్‌తో గీస్తున్నారు గానీ, ఉలి పెట్టి చుక్కలుగా కొట్టే పెద్దాయన ఒకాయన ఇంకా ఉన్నాడు. ముందే చెప్తే చేసిస్తానన్నాడు. 'వేం' పక్కన సున్న మరిచిపోకుండా అక్షరాలు కాగితం మీద రాసి పంపు. పేరు పెట్టే తేదీ కూడా చెప్పు, మేము ముందురోజు రాత్రి బస్సుకే బయల్దేరతాం, బిందెతో సహా.

అమ్మ నీకు ఊరబెట్టిన మిరపకాయలు ఇచ్చింది. అవీ తెస్తా.

నీ
రమణ