గింజల సారం క్యాన్సర్‌ను ఆపుతుందని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

అవిసె గింజలు, ద్రాక్ష గింజల సారం, తవుడు పెద్దపేగు క్యాన్సర్ రాకుండా అడ్డుకుంటాయని ఆరోగ్య పేజీల్లోనూ వాట్సాప్‌లోనూ తరచూ చదువుతున్నాం. ఆ ఫలితం ల్యాబ్‌లో పెంచిన కణాల మీద వచ్చిందా, ఎలుకల మీదా, మనుషుల మీదా అన్నది మాత్రం చాలామంది రాయడం లేదు. పాఠకుడికి ముందు తెలియాల్సింది అదే.

అవిసెల్లో లిగ్నాన్లు అనే మొక్కల పదార్థాలు ఉన్నమాట నిజం. మన పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని ఎంటరోలాక్టోన్ వంటి పదార్థాలుగా మారుస్తుంది. ద్రాక్ష గింజల్లోని ప్రోయాంథోసయనిడిన్లు, తవుడులోనూ నువ్వుల్లోనూ ఉండే ఫైటిక్ ఆమ్లం ల్యాబ్‌లో పేగు క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించాయి. ఎలుకల్లోనూ మంచి ఫలితాలు కనిపించాయి. ఈ పరిశోధనలు కొనసాగాలి, వాటికి డబ్బూ కావాలి. కానీ ఇలాంటి ఏ సారమైనా మనుషుల్లో పెద్దపేగు క్యాన్సర్‌ను నివారిస్తుందని ఇంకా రుజువు కాలేదు.

ఆహారంలో మేలు చేసేది మాత్రగా మింగితే కూడా మేలే చేస్తుందన్న నమ్మకం ఒకసారి ఘోరంగా దెబ్బతింది. ఫిన్లాండ్‌లో సుమారు 29 వేల మంది పొగతాగే పురుషులతో ఒక పరీక్ష చేశారు. క్యారెట్ వంటి వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. ఇక ఆప్రికాట్ గింజల్లోని అమిగ్డాలిన్‌ను ‘విటమిన్ బి17’ పేరుతో క్యాన్సర్ మందుగా ఇప్పటికీ ప్రచారం చేస్తున్నారు. అమెరికాలో 178 మంది క్యాన్సర్ రోగులకు అది ఇచ్చి చూశారు. 1982లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం జబ్బు నయం కాలేదు, ఆయుష్షూ పెరగలేదు. కొందరి రక్తంలో మాత్రం సయనైడ్ ప్రమాదకర స్థాయికి చేరింది.

గట్టి ఆధారం ఉన్నది పీచుకూ, పొట్టు తీయని ధాన్యాలకూ. రోజుకు 90 గ్రాముల మేర అలాంటి ధాన్యం తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 17 శాతం తక్కువని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ 2018లో చెప్పింది. కాబట్టి జొన్నరొట్టె, కొర్రన్నం, నువ్వులపొడి, అవిసె కారం హాయిగా తినమనే రాయండి. అయితే వాటిని భోజనంగా తినమనండి, మందుగా కాదు. క్యాన్సర్‌ను నివారిస్తుందనో నయం చేస్తుందనో మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. అలాంటి ప్రకటనలను పత్రికలు డబ్బు వస్తున్నా తిరస్కరించాలి.

నాకు అసలు భయం ఇంకొకటి. మలంలో రక్తం పడితే మనవాళ్లు మొలలేనని తేల్చేసి, సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. దానికి ఇలాంటి గింజల పొడి మీద నమ్మకం తోడైతే నెలలు గడిచిపోతాయి. చాలావరకు పెద్దపేగు క్యాన్సర్లు పాలిప్‌లుగా, అంటే పేగు లోపలి గోడ మీద వచ్చే చిన్న గడ్డలుగా మొదలై ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదురుతాయి. పాలిప్ దశలోనే కొలనోస్కోపీలో (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షలో) కనిపెడితే అప్పుడే తీసేయవచ్చు. రక్తం పడటం, కొన్ని వారాలైనా తగ్గని మలబద్ధకం లేదా విరేచనాలు, కారణం తెలియని రక్తహీనత ఉంటే డాక్టర్‌ను కలవాలని గింజల వ్యాసం వేసిన ప్రతిసారీ పక్కనే ఒక చిన్న బాక్సులో వేయండి.

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేస్తున్న క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. అందరికీ ఇప్పుడే వీలుకాకపోతే, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారికైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మలంలో రక్తం పరీక్ష ఉచితంగా చేయాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఖమ్మం