టీపన్ చూడకుండానే ప్లాట్లా?

నల్లగొండ చుట్టూ వెలుస్తున్న వెంచర్లలో హద్దుల తగాదాలకు అసలు కారణం పాత సర్వే రికార్డులను పట్టించుకోకపోవడమే. నిజాం కాలంలో గొలుసులతో కొలిచి గీసిన టీపన్లు (ఒక్కో సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే పటాలు), సర్వే నంబర్లవారీగా విస్తీర్ణం రాసిన సేత్వార్ రిజిస్టర్లు, ఆ తర్వాత ఏ భూమి ఎవరిది, ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఉండగా, కొందరు ప్రైవేటు సర్వేయర్లు ఫోన్‌లో జీపీఎస్ చూసి సున్నం గీతలు గీసేస్తున్నారు. మా పక్క వెంచర్‌లో మూడు ఊళ్లు కలిసే చోటి సరిహద్దు రాయినే పీకి రోడ్డు వేశారు. ఇక కొలత ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? భూ రికార్డుల కోసమని 2020లో ధరణి పోర్టల్, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. గట్టు దగ్గర గొడవ మాత్రం అట్లనే ఉంది. టీపన్లను స్కాన్ చేసి తహసీల్దారు కార్యాలయాల్లో అందరికీ అందుబాటులో పెట్టాలి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే ముందే సర్వేయర్ సంతకం, లైసెన్సు నంబరుతో పటం తీసుకోవాలి, కొలత తప్పితే లైసెన్సు రద్దు చేయాలి. పీకిన రాళ్లను వెంచర్ యజమాని ఖర్చుతోనే మళ్లీ పాతించాలి.

- ఒక రైతు, నల్లగొండ