రెజ్యూమే నమూనాలు ఆపి, రాయడం నేర్పండి

సంపాదకుడు గారికి నమస్కారం,

మీ ఉద్యోగాల పేజీ నేను వదలకుండా చదువుతాను. నోటిఫికేషన్లు, ఇంటర్వ్యూ సలహాలు బాగానే ఉంటాయి కానీ అప్పుడప్పుడు మీరు వేసే రెజ్యూమే నమూనాల గురించి ఈ ఉత్తరం రాయక తప్పట్లేదు. పైన పేరు, దాని కింద "ఎదుగుదలకి అవకాశమున్న ప్రముఖ సంస్థలో నా నైపుణ్యాలు వినియోగించి సంస్థ అభివృద్ధికి తోడ్పడటమే నా లక్ష్యం" అని ఒక వాక్యం, ఆ తర్వాత కష్టపడే తత్వం, టీమ్ వర్క్, త్వరగా నేర్చుకునే గుణం, ఇక ఖాళీలు పూరించుకోండి అన్నట్టు ఉంటుంది. ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్లు అలాగే పూరించి పంపుతున్నారు. అవి చదివే పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెప్తున్నా, పేర్లు మూసేసి చూస్తే ఏది ఎవరిదో చెప్పలేం. నిజంగా మంచి పని చేసినవాళ్లు కూడా ఆ అరువు వాక్యాల వెనక కనపడకుండా పోతున్నారు, నా బాధ అదే.

చదివేవాళ్లకి టైమ్ ఎంత తక్కువో కూడా మీ పాఠకులకి చెప్పాలి. 2018లో లాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల వెబ్‌సైట్ రిక్రూటర్ల కంటి కదలికలు రికార్డ్ చేస్తే మొదటి చూపు సగటున 7.4 సెకన్లే అని తేలింది. అది ఆ కంపెనీ సొంతంగా చేయించుకున్న స్టడీ, అన్నిచోట్లా అంతే అనలేం, కానీ గుట్టగా అప్లికేషన్లు వచ్చిన రోజు నిమిషాలకి నిమిషాలు ఎవరూ కేటాయించరనేది నిజం. ఆ కాసేపట్లో మేం వెతికేది ఇటీవల ఏం పని చేశారు, ఎక్కడ, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అనే. అందుకే తాజా ఉద్యోగం పైన, పాతవి కింద ఉండాలంటాం. ఆ చోటంతా లక్ష్యమే తినేస్తే ఇంక చూడ్డానికి ఏముంటుంది?

ఉదాహరణకి కాల్ సెంటర్లో చేసిన ఒకావిడ "కస్టమర్ సర్వీస్ బాధ్యతలు చూసుకున్నాను" అని రాసిందనుకోండి, అందులో నాకు తెలిసేది ఏమీ లేదు. ఆవిడనే కూర్చోబెట్టి రోజూ ఏం చేసేదానివమ్మా అని అడిగితే, రోజుకి 40 దాకా కాల్స్ తీసుకునేదాన్ని, ఎక్కువ బిల్లింగ్ గొడవలే, పైవాళ్లకి పంపే ఫిర్యాదుతో పాటు ఏయే వివరాలు పెట్టాలో ఒక చెక్‌లిస్ట్ తయారుచేశాను, తర్వాత కొత్తగా చేరినవాళ్లందరికీ అదే ఇచ్చారు అని గడగడా చెప్తుంది. రాయాల్సింది అదే కదా! అది చదివితే ఈవిడకి పని తెలుసు, చెప్పకపోయినా ఒక అడుగు ముందుకేసే మనిషి అని అర్థమైపోతుంది, కష్టపడే తత్వం అని వేరే రాయక్కర్లేదు. అలాగని అంకెలు కల్పించొద్దు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. లెక్క తెలీకపోతే ఎంతమంది వాడారు, ఎంత తరచుగా చేశారు, చేశాక ఏం మారింది అనేది మామూలు మాటల్లో రాసినా చాలు.

అప్పుడే చదువు పూర్తయినవాళ్లది ఇంకో ఇబ్బంది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్ట్, నలుగురి రెజ్యూమేల్లో అక్షరం పొల్లు పోకుండా ఒకటే పేరా. అందులో డేటాబేస్ ఎవరు చేశారు, స్క్రీన్లు ఎవరు చేశారు, టెస్టింగ్‌లో తప్పులు పట్టుకున్నదెవరు? ఎవరి ముక్క వాళ్లు రాసుకుంటే నలుగురూ నలుగురిలా కనిపిస్తారు. ఇది కాలేజీలోనే ఎవరైనా చెప్పాలి, చెప్పట్లేదు. కొత్తవాళ్లకి ఒక పేజీ చాలు, బాగా అనుభవం ఉంటే రెండు.

కంప్యూటరే రెజ్యూమేల్ని చెత్తబుట్టలో పడేస్తుందనే భయం ఈ మధ్య బాగా పెరిగింది, దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బులు లాగేవాళ్లూ పెరిగారు. కంపెనీలు అప్లికేషన్ల కోసం వాడే ఏటీఎస్ (అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్) అనే సాఫ్ట్‌వేర్ ముఖ్యంగా చేసేది వచ్చిన ఫైళ్లలోంచి వివరాలు తీసి దాచిపెట్టడం, మేం ఒక మాట కొట్టి వెతికితే ఆ మాట ఉన్నవి చూపించడం. కొన్నిచోట్ల ర్యాంకులు ఇస్తుంది, తప్పనిసరి ప్రశ్నలకి జవాబుని బట్టి పక్కన పెట్టేస్తుంది కూడా. కాబట్టి ప్రకటనలో వాళ్లు వాడిన మాట, మీరు నిజంగా చేసిన పనైతే, అదే మాటతో రాయండి. టేబుళ్లు, బొమ్మలు, రెండు వరసల డిజైన్లు కొన్ని సిస్టమ్‌లు సరిగ్గా చదవలేవు. రెజ్యూమే అంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూస్తే, వరస చెదిరిందో లేదో కొంతవరకు అక్కడే తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేదు. కంపెనీ వెతికే మాటల్ని, అంటే కీవర్డ్స్‌ని, కంటికి కనపడకుండా తెల్ల రంగు అక్షరాల్లో దాచే ట్రిక్ మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. సిస్టమ్ వాటిని మామూలు అక్షరాలుగా మా ముందు పెట్టేస్తే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

మీ నమూనాల్లో నాకు అస్సలు నచ్చనిది పుట్టినతేదీ, మతం, పెళ్లయిందా లేదా, ఫోటో, ఇంటి పూర్తి అడ్రస్ అడగడం. ఇవి పనికి సంబంధించినవి కావు, పైగా ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో పంపినవాళ్లకి తెలీదు. చదివేవాళ్ల మనసులో ఉన్న పక్షపాతానికి మనమే దారి చూపించినట్టు కూడా అవుతుంది. 2004లో బెర్ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన పరిశోధన ఉంది, బోస్టన్, షికాగో పత్రికల్లో పడ్డ ఉద్యోగ ప్రకటనలకి దాదాపు 5,000 కల్పిత రెజ్యూమేలు పంపారు, ఒకే స్థాయి అర్హతలున్నా తెల్లవాళ్లవి అనిపించే పేర్లకి నల్లవాళ్లవి అనిపించే పేర్ల కంటే 50 శాతం ఎక్కువగా పిలుపులొచ్చాయి. పేరు ఎలాగూ దాచలేం, మిగతావన్నీ మనమే ఎందుకు అందివ్వాలి? ఆ ఉద్యోగానికి చట్టప్రకారం కావాల్సినవి ఉంటే వాళ్లే అడుగుతారు, అప్పుడు ఇవ్వొచ్చు.

పిల్లల కోసమో, ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు వల్లో కొన్నేళ్లు పని మానేసినవాళ్లు తేదీలు సర్దేసి ఆ ఖాళీ దాచాలని చూస్తారు. దాచొద్దు. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా కుటుంబ బాధ్యతలు అని ఒక్క లైన్, ఆ టైమ్‌లో ఏదైనా నేర్చుకుంటే అదొక లైన్, అంతే. దాన్ని చూసి మొహం చిట్లించే కంపెనీలు ఉన్నాయి, ఆ తప్పు కంపెనీలది, దాని గురించి కూడా మీ పత్రిక గట్టిగా రాయాలి. సాయం చేసే బాధ్యత ఉద్యోగం ఇచ్చేవాళ్ల మీద కూడా ఉంది. "డైనమిక్ అభ్యర్థులు కావలెను" అని ప్రకటన ఇస్తే అవతలివాళ్లు నేను డైనమిక్ అనే రాస్తారు మరి! మొదటి ఆరు నెలల్లో ఏ పనులు చేయాలో ప్రకటనలోనే రాస్తే రెజ్యూమేలు వాటంతటవే బాగుపడతాయి.

మీకు నా విన్నపం ఇది. ఇకమీదట పూర్తి నమూనా వేయకండి. పాఠకుల్ని వాళ్ల రెజ్యూమేలోంచి ఒక్క పేరా పంపమనండి, పేరు, ఊరు, కంపెనీ తీసేసి, ముందు ఎలా ఉంది, ఏ ప్రశ్నలు అడిగి ఎలా మార్చారు అనేది పక్కపక్కనే అచ్చు వేయండి. ఒక వారం డ్రైవర్‌ది, ఒక వారం నర్సుది, ఒక వారం అకౌంటెంట్‌ది. ప్రశ్నలు రాసిపెట్టే పని నాకు అప్పగించినా సంతోషంగా చేస్తాను, నాకేం ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు