"ఇది నేను కాదంకుల్"

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు, సెల్‌ఫోన్లు అనే విషయం మీద మీ పత్రికలో అప్పుడప్పుడూ వ్యాసాలు వస్తుంటాయి. డాక్టర్లు రాస్తారు, ప్రొఫెసర్లు రాస్తారు. కంచరపాలెంలో దాదాపు ముప్పయ్యేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నవాడికి కూడా ఇందులో చెప్పాల్సింది కొంత ఉందనిపించి రాస్తున్నాను. ముఖాల మీద బతికేవాళ్లం కదా.

పోయిన నెల ఒకమ్మాయి అమెరికా వీసా ఫోటోకి వచ్చింది. ఎమ్మెస్‌కి వెళుతోందట. ఆ ఫోటో కొలతలు మాకు కంఠతా వచ్చు. రెండంగుళాల చదరం, వెనక తెల్లటి తెర, ఆరు నెలల్లోపు తీసినదై ఉండాలి. గడ్డం నుంచి నడినెత్తి దాకా తల అంగుళానికి తగ్గకూడదు. కళ్లజోడు 2016 నవంబరు నుంచి బంద్. అన్నిటికన్నా ముఖ్యం, కంప్యూటర్లో ముఖానికి ఏ మార్పూ చేయకూడదు. తీశాను, స్క్రీన్ మీద చూపించాను. ఆ పిల్ల ముందుకు వంగి చూసి, "ఇది నేను కాదంకుల్" అంది.

ఫోటో బాలేదనడం నాకు అలవాటే. రోజుకి నలుగురైనా అంటారు. ఈ అమ్మాయి మాత్రం పొరపాటున పక్కింటి కరెంటు బిల్లు మనింట్లో వేసి వెళితే ఎలా అంటామో అలా, చాలా మామూలుగా అంది. ఆ పైన ఫోన్ తీసి "నేనంటే ఇదీ" అని చూపించింది. అందులో చర్మం పింగాణీలా ఉంది. ముక్కు సన్నబడింది. ఆ పిల్లకి ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి గాటు ఒకటి ఉంది, నాకు ముచ్చటగానే అనిపించింది, ఫోన్లో అది లేదు. అలాగే రావాలంది. కుదరదమ్మా, ఎంబసీ వాళ్లు తిప్పి పంపేస్తారు అన్నాను. మూడుసార్లు తీశాం. చివరికి ఆరు కాపీలకు డబ్బులిచ్చి, రెండే తీసుకుని, వాటివైపు చూడకుండానే పర్సులో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇదంతా చదివి మీరు నన్ను సత్యహరిశ్చంద్రుడు అనుకునేలోపు నా సంగతి కూడా చెప్పాలి. ముఖాలు మార్చడమే నేను నేర్చుకున్న విద్య. 1988లో డాబాగార్డెన్స్‌లోని ఒక స్టూడియోలో పనికి చేరాను. ఆర్నెల్లు ట్రేలు కడిగించుకుని, ఎర్రబల్బు కింద నిలబెట్టి, ఆ తర్వాత మాస్టారు నా చేతికి రీటచింగ్ పెన్సిల్ ఇచ్చారు. నెగటివ్‌లో అంతా తారుమారు కదా. మొహం మీద నల్లమచ్చ ఉంటే అక్కడ గాజులా తేటగా కనబడుతుంది. సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ తేట చోటును చుక్కలు చుక్కలుగా నింపాలి. ప్రింటు వేస్తే మచ్చ మాయం. ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని. కంటికింద నలుపు, నుదుటి గీతలు, పెదవిపైన నూగు, ఎన్ని తీసేశానో లెక్కలేదు. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోలైతే ప్రింటు వేసేటప్పుడు వెలుతురు ఇచ్చే టైము కాస్త తగ్గించి రంగు కూడా తేల్చేవాళ్లం.

ఒకసారి గోపాలపట్నం నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. మొహం నిండా ఆటలమ్మ మచ్చలు. కొత్తగా విద్య వచ్చిన ఉత్సాహం కదా, నేను రెండు రాత్రులు కూర్చుని ఒక్క మచ్చ లేకుండా చేశాను. పది రోజులకి పెళ్లికొడుకు తండ్రి ఆ ఫోటో పట్టుకుని స్టూడియోకి వచ్చి, "ఈ పిల్ల ఎక్కడుందో చెప్పు బాబూ, ఈ పిల్లనే చేసుకుంటాం" అన్నాడు. మాస్టారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాడు అమ్మాయి తండ్రి వచ్చాడు. బాకీ ఉన్న పన్నెండు రూపాయలు బల్ల మీద పెట్టి ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కానీ ఆ అమ్మాయికి తన మొహం ఏదో తెలుసు. నేను చెప్పిన అబద్ధం పెళ్లివారి కోసం. ఆమె దాన్ని పట్టుకుని ఇంట్లో అద్దంతో పోల్చుకుంటూ కూర్చోలేదు. ఇప్పటి పిల్లలు చేసే రీటచింగ్‌కి మొదటి గిరాకీ వాళ్లే. నన్ను భయపెడుతున్నది ఇదొక్కటే.

అలాగని ప్రతి ఫోటోనీ అబద్ధం అనేవాళ్లతో నేను కలవను. మా పాత స్టూడియోలో తాజ్‌మహల్ బొమ్మ వేసిన పరదా ఉండేది, మధ్యలో కుట్టు స్పష్టంగా కనబడేది. చక్రం తిరగని మోటార్ సైకిల్ ఒకటి మూల నిలబెట్టి ఉంచేవాళ్లం. కొత్తగా పెళ్లయిన జంటలు వచ్చి దాని మీద కూర్చుని తీయించుకునేవాళ్లు. ఆగ్రా వెళ్లొచ్చారనీ, బండి కొన్నారనీ వాళ్ల ఊళ్లో ఎవరూ అనుకోలేదు. ఈరోజు బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ ఎదురుగా ఎవరిదో బుల్లెట్ మీద కాలేసుకుని ఫోటో దిగే కుర్రాణ్ణి చూస్తే నాకు ఆ పరదాయే గుర్తొస్తుంది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు జనమంతా దాని ముందు సెల్ఫీలు దిగారు. నేనూ దిగాను, నల్లకళ్లజోడు పెట్టుకుని మరీ. అదొక సరదా.

సరదా కానిది ముక్కు. "అంకుల్, నా ముక్కు లావుగా ఉంది, కాస్త తగ్గించండి" అని అడిగే పిల్లలు ఎక్కువైపోయారు. అబ్బాయిలు కూడా. పది నిమిషాలు కూర్చోబెట్టి వాళ్లకు చెప్పే సంగతే ఇక్కడా రాస్తాను, తల్లిదండ్రులు కత్తిరించి దాచుకున్నా మంచిదే. ఫోన్ ముందువైపు కెమెరాకి ఉండేది వెడల్పు లెన్స్. సెల్ఫీ అంటే అడుగు, మహా అయితే అడుగున్నర దూరం నుంచి తీసేది. కెమెరాకి దగ్గరగా ఉన్నది పెద్దగా కనబడుతుంది, మొహంలో అన్నిటికన్నా ముందుకుండేది ముక్కు. 2018లో అమెరికాలో కొందరు డాక్టర్లు దీన్ని లెక్కగట్టారు. అయిదడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే అడుగు దూరం నుంచి తీసిన ఫోటోలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. మేం ఆరడుగుల దూరం జరిగి పొడుగు లెన్స్‌తో తీసేది ఇందుకే. ఇంకొకటి, సెల్ఫీ తీసుకునేటప్పుడు ఫోన్ అద్దంలా చూపిస్తుంది, కుడి ఎడమవుతుంది. ఆ మొహానికే అలవాటు పడిపోయినవాళ్లకి వేరేవాళ్లు తీసిన ఫోటోలో పాపిట అటుమారి, నవ్వు ఇటుమారి, ఎవరో పరాయివాళ్లలా కనిపిస్తారు. లోకం చూసే మొహం మాత్రం అదే.

అంటే ముక్కును లావు చేసి చూపించేది ఆ ఫోనే, సన్నబరిచే ఫిల్టర్ ఇచ్చేదీ ఆ ఫోనే. పుండు పెట్టినవాడే మందు కొట్టు తెరిచినట్టుంది.

ఇది పిల్లల బలహీనత అని కొట్టిపారేసే పెద్దలకి ఒక మాట. ఇన్‌స్టాగ్రామ్ కంపెనీ సొంతంగా చేయించుకున్న పరిశోధన 2021 సెప్టెంబరులో బయటపడింది. తమ శరీరం నచ్చక బాధపడుతున్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని 32 శాతం మంది టీనేజీ అమ్మాయిలు చెప్పినట్టు అందులో ఉంది. బయటివాళ్లు తయారుచేసిన ఫిల్టర్లను 2025 జనవరిలో ఆ కంపెనీ తీసేసింది. ఏం లాభం, ఈలోపు ఆ పని ఫోన్ కెమెరాల్లోనే చేరిపోయింది.

ఇది మొహంతో ఆగితే ఇంత రాసేవాణ్ణి కాదు. మొన్న ఒక కుర్రాడు మా కొట్లోనే కూర్చుని అమెరికా వీసా ఫారం నింపుకుంటున్నాడు. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయమని అందులో 2019 నుంచీ అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి చదువుకోవడానికి వెళ్లేవాళ్లు ఆ ఖాతాలు అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలని కూడా చెప్పారు. ఆ పద్ధతి మంచిదా కాదా అనేది వేరే చర్చ. నన్ను ఆలోచనలో పడేసింది ఆ కుర్రాడి టెన్షన్. "మూడూ రాయాలా అంకుల్?" అన్నాడు. మూడేమిట్రా అంటే, ఒకటి మేనత్తలూ బాబాయిలూ చూడటానికి, ఒకటి కాలేజీ వాళ్లకి, మూడోది పేరు లేకుండా నడిపేది. చుట్టాల ఖాతాలో సింహాచలం మెట్లెక్కుతూ ఉన్నాడు. కాలేజీ ఖాతాలో రుషికొండలో తీసిన ఫోటోకి గోవా అని పెట్టాడు. మూడోది నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. వీటిలో ఏది నువ్వురా అన్నాను నవ్వుతూ. సమాధానం చెప్పకుండా, ప్రింట్లకి ఎంతయ్యిందని అడిగాడు.

నేను కూడా చిన్నప్పుడు నాన్న ముందు ఒకలా, స్నేహితుల ముందు ఒకలా ఉన్నవాణ్ణే. కాకపోతే నావి ఎవరూ దాచిపెట్టలేదు. ఈ పిల్లలు ముగ్గురి బతుకుల్నీ తేదీలతో సహా గుర్తుపెట్టుకుని కాపలా కాయాలి. ఇరవై రెండేళ్లకి అంత బరువేమిటి?

ఇక మా ఇంటి సంగతి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. మా అమ్మకి ఎనభై దాటాయి. అమ్మకి నుదుటి మీద పచ్చబొట్టు, గడ్డం మీద మూడు చుక్కలు ఉన్నాయి, పెళ్లికి ముందు ఊళ్లో పొడిపించుకున్నవి. "బంగారం ఇక్కడే ఉండిపోద్ది, పచ్చబొట్టే మన ఎంట వత్తాది" అంటుంది. సంక్రాంతికి మా అమ్మాయి నానమ్మ మెడ చుట్టూ చేయేసి సెల్ఫీ దిగి పైకెక్కించింది. చాలా లైకులొచ్చాయని తీసుకెళ్లి నానమ్మకి చూపించింది. అమ్మ ఫోన్ దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏటే, నీ పక్కన ఈవిడెవరే?" అంది. "నువ్వే నానమ్మా" అంటే, "నా బొట్టేదే?" అంది.

నేను లాక్కుని చూశాను. ఫిల్టర్ ఆ పచ్చబొట్టును మచ్చ అనుకుని చెరిపేసింది. గడ్డం మీద చుక్కలు పోయాయి, ముడతలు పోయాయి. ఎవరో నలభై అయిదేళ్ల ఆవిడ మా అమ్మ చీర కట్టుకుని కూర్చుంది. "సింహాచలం అప్పన్నకైనా ఏడాదికోపాలి చందనం ఒలుస్తారు. నీకెప్పుడే నిజరూపం?" అని మనవరాలి నెత్తిన ఒక్కటిచ్చింది అమ్మ. మేమంతా నవ్వాం. నవ్వుతూనే నాకు ఆ పన్నెండు రూపాయలు గుర్తొచ్చాయి. నా విద్యే కదా, నా కూతురు నాకన్నా బాగా చేస్తోంది.

అందుకే పిల్లల్ని అనే ముందు పెద్దల్ని ఒకటి అడుగుతాను. నార్వేలో ప్రకటనల్లో శరీరాన్నీ చర్మాన్నీ మార్చి చూపిస్తే ఆ సంగతి బొమ్మ మీదే రాయాలని 2022 నుంచి చట్టం ఉంది. మనకి అంత పెద్ద చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఫలితాల రోజుల్లో లేచే ర్యాంకుల ఫ్లెక్సీలు చూడండి. వందమంది పిల్లలుంటే వందమందిదీ ఒకటే రంగు. ఆ పని ఎలా జరుగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే ఆర్డరు మాలాంటివాళ్లకే వస్తుంది. "అందర్నీ కాస్త బ్రైట్ చేసి పంపండి" అంటారు. రాత్రింబవళ్లు చదివి ర్యాంకు తెచ్చుకున్న నల్లపిల్లకి కూడా, ఊరందరి ముందు నిలబడ్డానికి నీ రంగు చాలదని ఆ ఫ్లెక్సీ చెబుతోంది. కాలేజీలవారు ఈ ఒక్క మాట మానేయాలి. గుర్తింపు కార్డుల ఫోటోలు కూడా ఉన్నదున్నట్టు తీయనివ్వాలి. ఈ ఏడాది అలాంటి ఆర్డరు ఒకటి వస్తే రంగు మార్చనన్నాను. వేరే కొట్టుకి పోయింది. పెళ్లి ఆల్బమ్‌లలో మాత్రం ఇంకా మారుస్తూనే ఉన్నాను, కెమెరా మీద వాయిదాలు ఉన్నాయి, అబద్ధమెందుకు.

అమ్మ ఫోటో ఒకటి ఆరడుగుల దూరం నుంచి, కిటికీ వెలుతురులో తీసి, ఏ మార్పూ చేయకుండా పెద్ద ప్రింటు వేసి కొట్టు ముందు అద్దాల పెట్టెలో పెట్టాను. దారిన పోయే ముసలమ్మలు ఆగి, పచ్చబొట్టు చూసి, ఏ ఊరావిడ అని అడుగుతున్నారు. మా అమ్మాయి దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది. ఏం చేసిందో నేను అడగలేదు.

వీసా ఫోటోకి వచ్చిన అమ్మాయి ఈ ఉత్తరం చదువుతుందో లేదో. ఆ పిల్లవి మిగిలిన నాలుగు కాపీలూ కవర్లో పెట్టి, పైన తేదీ రాసి, నా బల్ల సొరుగులోనే ఉంచాను. డబ్బులు ఎప్పుడో ఇచ్చేసింది. ఆదివారం మధ్యాహ్నం తప్ప ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు.

ఇట్లు
ఒక ఫోటో స్టూడియో యజమాని
కంచరపాలెం, విశాఖపట్నం