జ్వరం మొదటి రోజే స్టెరాయిడా?

సంపాదకులకు,

చలి మొదలైతే చాలు, మన అనంతపురం, కర్నూలు వైపు జలుబు, దగ్గు, జ్వరానికి మందుల షాపులో కట్టే పొట్లం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒక పారాసిటమాల్, అజిత్రోమైసిన్ అనే ఒక యాంటీబయాటిక్, ఒక సిట్రజిన్, వాటి పక్కన స్ట్రిప్పు నుంచి విడదీసి వేసిన ఇంకో చిన్న మాత్ర. అది స్టెరాయిడ్ కావడం అరుదేమీ కాదు. పల్లెల్లో అయితే మాత్రకు బదులు సూది. సాయంత్రానికి జ్వరం దిగుతుంది, ఒళ్లు తేలికపడుతుంది, ఇచ్చినాయన హస్తవాసి మంచిదని పేరొస్తుంది. అదే సమయంలో ముక్కులో, గొంతులో వైరస్‌కు ఎదురులేకుండా పోతుంది. ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫ్లూ, కరోనా, పసిపిల్లలను ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్‌లు ముందుగా పట్టేది ముక్కు, గొంతు లోపలి పొరను. ఆ పొరలోని కణాలు వైరస్‌ను పసిగట్టిన కొన్ని గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ దీన్ని గుర్తించారు. అది తగిలిన పక్క కణాల్లో వందలాది జన్యువులు మేల్కొని, వైరస్ పెరగకుండా అడ్డుపడతాయి. మనల్ని ఇబ్బంది పెట్టే జ్వరం, ఒళ్లునొప్పులు, నీరసం చాలావరకు ఈ పోరాటానికి గుర్తులే. ఇది వేళకు జరిగితే జబ్బు పైశ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది. మొదటి రోజే వేసిన స్టెరాయిడ్ ఈ స్పందననే అణచివేస్తుంది. స్పందన ఆలస్యమైతే వైరస్ ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా దిగుతుంది. అక్కడికి గుంపుగా చేరే తెల్లకణాలు, అవి వదిలే రసాయనాలు వైరస్‌తోపాటు ఊపిరితిత్తినీ దెబ్బతీస్తాయి. అంటే మొదట్లో తగినంత స్పందన లేక, తర్వాత అవసరానికి మించి రావడంతో జబ్బు ముదురుతుంది. ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు అమ్మేవాళ్లు ఈ రెండింటిలో ఏది పెంచుతారో ఎప్పుడూ చెప్పరు.

కరోనా ఈ సంగతిని స్పష్టంగా చూపింది. ప్రాణాపాయ స్థితికి చేరినవారిలో సుమారు 10 శాతం మందికి సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు ఉన్నట్టు 2020లో తేలింది. వాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసు మగవాళ్లు. పిల్లల ముక్కు పొరలోనేమో ఇంటర్‌ఫెరాన్ ఏర్పాటు పెద్దలకన్నా ముందే సిద్ధంగా ఉంటుంది. పిల్లలు కరోనాను తేలిగ్గా దాటడానికి అది ఒక కారణం.

మరి కరోనాలో స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడింది కదా అంటారు. కాపాడింది, కానీ ఎవరిని? 2020లో బ్రిటన్‌లో ఆసుపత్రి రోగుల మీద జరిగిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మేలేమీ కనిపించలేదు. పైగా మందు ఇవ్వనివారిలో 14.0 శాతం చనిపోతే, ఇచ్చినవారిలో 17.8 శాతం చనిపోయారు. ఈ చివరి తేడా యాదృచ్ఛికం కావచ్చు. కానీ మేలు జరుగుతుందని చెప్పుకోవడానికి మాత్రం వీల్లేదు. అదే మందు, అదే మోతాదు. మారింది జబ్బు దశ ఒక్కటే. 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభణకు అదుపులో లేని షుగర్, విచ్చలవిడి స్టెరాయిడ్ వాడకం ఎంత కారణమయ్యాయో అందరికీ తెలిసిందే.

అజిత్రోమైసిన్ సంగతీ చెప్పాలి. అది వైరస్‌ను ఏమీ చేయదు. అయితే ఫ్లూ వచ్చినప్పుడు శ్వాసనాళంలో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు ఉన్న కణాలు రాలిపోతాయి. తిరిగి మొలవడానికి వారాలు పడుతుంది. ఆ సందులో న్యుమోకాకస్, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియాలు లోపలికి దిగుతాయి. 1918 ఫ్లూ మరణాల్లో అత్యధికం ఇలా తర్వాత వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లే. జ్వరం తగ్గి, నాలుగైదు రోజులకు మళ్లీ ఎగబాకి, గల్ల పసుపు రంగుకు తిరిగి, ఊపిరి పీలిస్తే రొమ్ములో పొడిచినట్టు నొప్పి వస్తుంటే, యాంటీబయాటిక్ అవసరం అప్పుడు. వెంటనే పరీక్ష చేయించాలి. తాడిపత్రి, బేతంచర్ల పాలిషింగ్ యూనిట్లలో రాతి పొడి పీల్చేవారు ఇంకా ముందే రావాలి. సిలికా రేణువులను మింగిన రక్షణ కణాలు చచ్చిపోతాయి కాబట్టి వాళ్ల ఊపిరితిత్తుల్లో కాపలా ముందే పలచబడి ఉంటుంది.

సంటిబిడ్డల విషయం వేరు. ఆర్‌ఎస్‌వీ సోకితే సన్న శ్వాసనాళాలు వాస్తాయి, రాలిన కణాలు, కఫం వాటిలో ఇరుక్కుంటాయి. నాళం వ్యాసార్థం సగమైతే గాలికి అడ్డు 16 రెట్లవుతుంది. అందుకే పెద్దలకు ఉత్త జలుబు తెచ్చే వైరస్ ఆరు నెలల లోపు బిడ్డకు డొక్కలు ఎగరేసేంత ఆయాసం తెస్తుంది. ఈ బ్రాంకియోలైటిస్‌లో స్టెరాయిడ్, యాంటీబయాటిక్, సాల్బుటమాల్ నెబ్యులైజర్ మామూలుగా పనికిరావు. పనికొచ్చేవి మూడే: ముక్కులో సెలైన్ చుక్కలు వేసి శుభ్రం చేయడం, పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టడం, అవసరమైతే ఆక్సిజన్. బిడ్డ మామూలుగా తాగేదానిలో సగం పాలు కూడా తాగకపోతే, మూలుగుతుంటే, పెదాలు నీలిబడితే ఇంట్లో ఉంచుకోకూడదు.

ఊపిరి లెక్కపెట్టడం ప్రతి తల్లికీ నేర్పవచ్చు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి లేపి, పొట్ట లేచినప్పుడల్లా ఒకటిగా నిమిషం పూర్తిగా లెక్కించాలి. 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే తప్పుతుంది, పసిపిల్లల ఊపిరి ఒకే లయలో ఉండదు. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40. ఈ అంకెకు చేరినా, దాటినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్దలు ఆక్సీమీటర్ పెట్టుకునేటప్పుడు గోళ్ల రంగు తీసేసి, వేళ్లు వెచ్చబరచుకుని, అంకె నిలకడగా ఉన్నాకే చూడాలి. 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయవద్దు.

ఇక్కడొక హెచ్చరిక. ఈ ఉత్తరం చదివి ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్ మానేయవద్దు. జలుబుతో పిల్లికూతలు పెరిగిన ఆస్తమాకు, కుక్క మొరిగినట్టు దగ్గే క్రూప్‌కు స్టెరాయిడ్ సరైన మందే. అది ఎవరికి, ఎంత, ఎన్ని రోజులన్నది డాక్టర్ తేల్చాలి. వారాల తరబడి స్టెరాయిడ్ మింగుతున్నవారు ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే.

షాపులో స్ట్రిప్పు లేని మాత్ర తీసుకోవద్దు, పేరు అడగండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, మిథైల్‌ప్రెడ్నిసొలోన్: ఈ నాలుగూ స్టెరాయిడ్లే. ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. ఔషధ తనిఖీ అధికారులు ఈ చలికాలంలోనైనా బిల్లు పుస్తకాలతో సరిపెట్టుకోకుండా, కౌంటర్ మీద కట్టే పొట్లాలు విప్పి చూడాలని కోరుతున్నాం.

— కొందరు శ్వాసకోశ, పిల్లల వైద్యులు, అనంతపురం