మొలకెత్తని సాల్వియా విత్తనాలపై ఫిర్యాదు

నెల్లూరు

వినియోగదారుల సేవా విభాగం మేనేజరు గారికి,

విషయం: ఎర్ర సాల్వియా విత్తనాలు మొలకెత్తకపోవడం, కవరు మీద గడువు తేదీని కప్పుతూ స్టిక్కరు అంటించి ఉండటం గురించి.

అయ్యా,

గత అక్టోబరులో మీ వెబ్‌సైటు ద్వారా మా మిద్దె తోట కోసం ఎర్ర సాల్వియా విత్తనాల కవర్లు రెండు తెప్పించుకున్నాను. పోస్టేజీతో కలిపి 240 రూపాయలు చెల్లించాను. కవరుకు 50 గింజలని రాసి ఉన్నా లెక్కపెడితే ఒకదానిలో 46, రెండోదానిలో 43 మాత్రమే ఉన్నాయి. అప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి కవరులోని గింజలన్నిటినీ, దాని వెనుక మీరు అచ్చువేసిన సూచన ప్రకారమే, అర అంగుళం లోతున నాటి మట్టి కప్పాను. అయిదు రోజుల్లో మొలకలు వస్తాయని అందులో ఉంది. పద్దెనిమిది రోజులు గడిచినా ఒక్క మొలక రాలేదు. ఫోను చేస్తే, మా వైపు వానలు ఎక్కువ కాబట్టి గింజలు కుళ్లిపోయి ఉంటాయని మీ ప్రతినిధి సెలవిచ్చారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరులో వానలు పడతాయన్నది ఎవరూ కాదనరు గానీ, వాయుగుండమనే మాట వినబడగానే ట్రేలను వరండాలోకి చేర్చుకునే ఊరు మాది. నా ట్రే మీద ఒక్క చినుకు కూడా పడలేదు.

అసలు తప్పు మీ సూచనలోనే ఉంది. ఎర్ర సాల్వియా గింజ మొలకెత్తడానికి వెలుతురు కావాలి. తడిపిన మట్టి మీద గింజలు చల్లి, వేలితో మెల్లగా అదిమి, తేమ ఆరకుండా చూసుకుంటే సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. అర అంగుళం మట్టి కింద దానికి వెలుతురు ఎక్కడిది? మొక్కజొన్నకో చిక్కుడుకో రాసిన సూచననే అన్ని కవర్ల మీదా అచ్చువేశారేమోనని నా అనుమానం.

అందుకని రెండో కవరు విషయంలో జాగ్రత్తపడ్డాను. మా పక్కింటి పిన్నిగారి సాల్వియా మొక్కల ఎండిన పూగుత్తులను అరచేతిలో నలిపి తీసిన గింజలు 20, మీ గింజలు 20, ఒకే ట్రేలో చెరో సగంలో చల్లాను. రెండింటికీ అదే కోకోపీటు, అదే వర్మికంపోస్టు, అదే పెన్నా ఇసుక. నీళ్లూ ఒకే స్ప్రే సీసాతో పట్టాను. పదిహేనో రోజుకు పిన్నిగారి వైపు 16 మొలకలు లేచాయి. మీ వైపు లేచినవి రెండే, వాటిలోనూ ఒకటి కాడ మెత్తబడి పడిపోయింది. వాన, మట్టి, నేను నాటిన తీరు, వీటిలో దేన్ని కారణంగా చూపినా ఈ తేడాకు సమాధానం దొరకదు.

సమాధానం కవరు మీదే దొరికింది. ట్రే పక్కన పెట్టడంతో తడిసిన ఆ కవరు మీద, వచ్చే జూన్ వరకు గడువున్నట్లు చూపే తెల్ల స్టిక్కరు అంచు లేచింది. గోటితో మెల్లగా తీస్తే, దాని కింద మీరే అచ్చువేసిన అసలు గడువు తేదీ బయటపడింది. అది ముగిసి అప్పటికే రెండేళ్లు దాటింది. పాతబడే కొద్దీ గింజల మొలకశక్తి తగ్గుతుందని విత్తనాల వ్యాపారంలో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. పొరపాటున పాత సరుకు పంపితే క్షమించవచ్చు, కానీ తేదీ మీద తేదీ అంటించడం పొరపాటున జరిగే పని కాదు.

కాబట్టి నేను చెల్లించిన 240 రూపాయలు తిరిగి ఇవ్వాలనీ, ఆ స్టిక్కరు ఎవరు, ఎందుకు అంటించారో లిఖితపూర్వకంగా తెలియజేయాలనీ, నాటే విధానాన్ని సరిదిద్దేవరకు ఈ కవర్ల అమ్మకం నిలిపివేయాలనీ కోరుతున్నాను. ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలు కల్పించింది కనుక, నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

బిల్లు నకలు, ట్రే ఫొటో, స్టిక్కరు తీయకముందూ తీసిన తరువాతా కవరుకు తీసిన ఫొటోలు జతచేశాను. రెండో కవరులో మిగిలిన 23 గింజలను సీసాలో భద్రపరిచాను. వాటిని పరీక్షించదలిస్తే, నా ఎదుటే లెక్కపెట్టి తీసుకువెళ్లేందుకు మీ మనిషిని పంపవచ్చు.

ఇట్లు,
భవదీయురాలు,
మీ వినియోగదారు