‘ఇది నా చేయి కాదు’ అన్న తాతకు, మరికొందరికి

మొన్న శుక్రవారం మా విభాగంలో చివరి సంవత్సరం విద్యార్థుల ప్రాజెక్టులు ప్రదర్శించారు. మా ఆరుగురం కలిసి తీసిన మ్యూజిక్ వీడియో నిడివి 3 నిమిషాల 40 సెకన్లు. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ ఆ చప్పట్లు అందుకోవలసిన వాళ్ళలో సగం మంది ఆ హాలులో లేరు. అందుకే ఈ నాలుగు మాటలు. పేర్లు రాయవద్దని కొందరు కోరారు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలుస్తుంది.

పాట మాదే. మాలో ఒకమ్మాయి రాసి పాడింది, హాస్టల్ మిత్రుడు డప్పు వాయించాడు. పాటంతా పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డపోగులు), రంగుల చుట్టూ తిరుగుతుంది కాబట్టి చిత్రీకరణకు చేనేత ఊరు భూదాన్ పోచంపల్లి తప్ప వేరే ఊరు తోచలేదు. హైదరాబాదుకు 50 కిలోమీటర్ల లోపే. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు రామచంద్రారెడ్డి భూమిలేని పేదలకు 100 ఎకరాలు ఇస్తానన్న ఊరని పాఠాల్లో చదివాం. మగ్గం ఉన్న ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ళు మాత్రం మాలో ఒక్కరూ లేరు.

మొదట రెండు ఇళ్ళవాళ్ళు వద్దన్నారు. వాళ్ళ మీద మాకు ఏ కోపమూ లేదు. కెమెరాలతో వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారట, తీసింది చూపించడానికి తిరిగి వచ్చేవాళ్ళే ఉండరట. మూడో ఇంటికి మమ్మల్ని వెంటబెట్టుకొని వెళ్ళి ‘పిల్లలు చదువుకోసం వచ్చారు’ అని పూచీపడిన టీకొట్టు అన్నకు మొదటి దండం. అన్నా, ఆ రోజు తాగిన పద్దెనిమిది టీలకు డబ్బు తీసుకోలేదు మీరు. అది అప్పుగానే ఉంది.

ఆ ఇంట్లో తాత, అవ్వ, వాళ్ళ మనవరాలు. మగ్గం గదిలో ఒకే ట్యూబులైటు. తొలిరోజు తీసినదంతా సాయంత్రం ల్యాప్‌టాప్‌లో చూస్తే తెర మీద నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి. కెమెరా పాడైందనుకొని అద్దెకిచ్చిన అన్నకు ఫోను చేసి గొడవపడ్డాను. ఆయన శాంతంగా విని, ‘కెమెరాను ఏ దేశం లెక్కలో పెట్టారు తమ్ముడూ?’ అని అడిగారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, కాబట్టి పాత ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. మేమేమో సెకనుకు 60 ఫ్రేముల అమెరికా అమరికలో, షట్టర్ 125లో (అంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో 125వ వంతు సేపు వెలుగు) పెట్టి తీశాం. ఆ మినుకుతో ఈ లెక్క కలవకనే చారలు. 25 ఫ్రేములకు షట్టర్ 50, నెమ్మది దృశ్యాల కోసం 50 ఫ్రేములకు షట్టర్ 100 పెట్టమన్నారు. చారలు మాయం. అన్నా, ఆ సాయంత్రం అరిచినందుకు క్షమించండి. రెండో రోజు అద్దె తగ్గించినందుకు వేరే కృతజ్ఞతలు.

మా గాయని సహనం గురించి కూడా చెప్పాలి. నెమ్మదిగా కదిలే దృశ్యంలోనూ పెదవులు పాటతో కలవాలంటే, తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి, దానికి తగ్గట్టే పెదవులు ఆడించాలి. తర్వాత దృశ్యాన్ని సగం వేగానికి దించితే పెదవులు సరిపోతాయి. నడివీధిలో స్పీకరు కీచుమంటుంటే తను గంభీరమైన ముఖంతో గబగబా పాడుతోంది, వెనక పిల్లలంతా అలాగే పాడి వెక్కిరిస్తున్నారు. పదకొండు టేకులు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఇక అవ్వ. పోచంపల్లి చీరకు నూలును ముందే ముడులు వేసి రంగుల్లో ముంచుతారు. అంతకుముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి ఆసు పోయాలి. ఒక చీరకు 9,000 సార్లు చేయి ఆడుతుందని లెక్క చెబుతారు. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అవ్వ కూడా ఇప్పుడు చేత్తో ఆసు పోయదు. మాకేమో కెమెరాలో ఆ చేయి కదలికే కావాలి. అడిగేశాం. ‘మీ బొమ్మ కోసం నా భుజం మళ్ళీ నొప్పి తెచ్చుకోవాలా?’ అంది నవ్వుతూనే. మాకు తలెత్తబుద్ధి కాలేదు. కాసేపటికి తనే లేచి పది నిమిషాలు పోసి చూపించింది. ఆ పది నిమిషాల్లో మేము వాడుకున్నది ఆరు సెకన్లు. అవ్వా, అలా అడగకుండా ఉండాల్సింది.

తాత సంగతి చివరికి దాచుకున్నాను. మా పాట నడక నిమిషానికి 104 దెబ్బలు. మగ్గం కూడా అలాగే టకటకమని ఆడుతుందనుకున్నాం. ఆడదు. నాలుగు పోగులు పడగానే తాత ఆగి, పేక మీది రంగు పడుగు మీది రంగుతో కలిసిందో లేదో చూసి, వేలితో కాస్త జరిపి మళ్ళీ నేస్తారు. ఆగినప్పుడే అసలు పని జరుగుతోంది. మాకది తెలియలేదు. ఎడిటింగ్‌లో ఆ ఆగడాలన్నీ కత్తిరించి, మిగిలిన దానికి వేగం పెంచి, ప్రతి డప్పు దెబ్బకూ ఒక పన్నె (పేకను బిగించే మగ్గం దువ్వెన) దెబ్బ అతికించాం. చాలా గొప్పగా కుదిరిందని సంబరపడి, ఫోనులో చూపిద్దామని మళ్ళీ వెళ్ళాం. తాత రెండుసార్లు చూసి, ఫోను నా చేతిలో పెట్టి, ‘బాగుంది బిడ్డా. కానీ ఇది నా చేయి కాదు’ అన్నారు.

తిరుగు బస్సులో ఎవరం మాట్లాడలేదు. ఆ వారం మొత్తం కత్తిరించిన ముక్కలను మళ్ళీ వెనక్కి తెచ్చుకోవడమే పని. మగ్గం చప్పుడును అలాగే ఉంచి, మిత్రుడు దాన్ని వింటూ డప్పును కొత్తగా వాయించాడు. తాత ఆగితే ఆగాడు, నేస్తే వాయించాడు. రెండో చరణం తర్వాత 22 సెకన్ల పాటు డప్పు కూడా ఉండదు, మగ్గమొక్కటే. శుక్రవారం అందరూ మెచ్చుకున్నది ఆ 22 సెకన్లనే. ఎడిటింగ్ కూడా ఒక నేతే అని ఇక్కడ ఒక వాక్యం రాయాలని చేయి లాగుతోంది. తాత వింటే నవ్వుతారని మానుకున్నాను.

రాత్రి తొమ్మిదింటి దాకా తాళం వేయకుండా కూర్చున్న ల్యాబ్ అన్నకు, ప్రతి ఫైలునూ రెండు డిస్కుల్లో దాచమని పోరిన సీనియర్ అక్కకు కూడా కృతజ్ఞతలు. అక్కా, ఒక డిస్కు నిజంగానే పోయింది. మీకు ఇంతవరకూ చెప్పలేదు.

వచ్చే ఆదివారం ఆరుగురం పోచంపల్లి వెళ్తున్నాం, వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని. అందులో ఇంకో చిన్న ఫైలు కూడా ఉంది. మంచి షాటు నడుస్తుండగా తాత మనవరాలు కెమెరా ముందుకు దూకి నాలుక బయటపెట్టింది. వీడియోలో పెట్టలేకపోయాం. అది తనకు కావాలట, ఎక్కడా కత్తిరించకుండా.